సున్నపు నీళ్ళు కారిన పగులు

బెలార్మీనాతో వాదించి గెలిచినవాళ్ళు మా లోయలో ఎవరూ లేరు. నేనూ గెలవలేదు. ఆవిడ నా పెద్దకూతురికి జ్ఞానతల్లి. ఆ వరసన ఒకరినొకరం ‘వదినా’ అని పిలుచుకుంటాం. ఇన్నేళ్ళ వదినరికంలో పులుసులో ఉప్పెక్కువైందని నేనన్నందుకు ఒకసారి, కాలేదన్నందుకు ఇంకోసారి నాతో మాటలు మానేసింది. మనిషి చూస్తే పొట్టి, మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. పట్టు మాత్రం ఉడుంపట్టు. నేను చెప్పబోయేదంతా ఆ పట్టు గురించే.

మూసో కొండల కింద పుట్టిన ఆడదానికి మా రోజుల్లో రెండే పనులు. సొరంగాల్లోకి దిగే మగాళ్ళకి వండిపెట్టటం, లేదంటే ఏట్లో మట్టి కడగటం. నేను వండాను. ఆవిడ కడిగింది. సొరంగాల్లోంచి తోసేసిన నల్లమట్టి కొండ మీంచి జారి ఏట్లో పడుతుంది కదా, దాన్ని పారతో ఎత్తి నీళ్ళలో ఆడించి, మగాళ్ళ కళ్ళు తప్పించుకున్న పచ్చరాయి ముక్క ఏమన్నా మిగిలిందేమో వెతకాలి. నడుంలోతు నీళ్ళు, పైన మాడ్చే ఎండ. బట్టలు నలుపు, గోళ్ళు నలుపు, ఉమ్మినా నలుపే. అలా కడుగుతూనే పెళ్ళాడింది, కడుగుతూనే ఇద్దర్ని కని పెంచింది.

కొండ సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు. మాది నల్ల పలకరాయి కొండ. ఒకప్పుడు సముద్రం అడుగున బురదట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే, అదీ దాని వరస. కొత్తగా తొలిచినప్పుడు పలుగు కింద గణగణమంటుంది. నాల్రోజులు గాలీ తడీ తగిలితే పొరలు విచ్చుకుని మళ్ళీ బురద గుణం చూపిస్తుంది. కొండ బరువు మోసేచోట ఇంకా అన్యాయం. గట్టిరాయైతే ఠప్పున విరిగి మనిషిని హెచ్చరిస్తుంది. ఇది అలా కాదు. పక్కగోడ పొట్టలా ముందుకొస్తుంది, నేల పొంగుతుంది, ఆసరా పెట్టిన దుంగలు మూలుగుతాయి. నిన్న నిటారుగా నడిచినచోట ఇవాళ తల వంచాలి. అలా మెల్లగా జరిగి జరిగి, ఒకనాడు ఇక నావల్ల కాదని పగిలిపోతుంది.

పగిలినచోట నీళ్ళు కారతాయి. ఎప్పుడో మనుషులు లేని కాలంలో కూడా ఈ కొండ నలిగి పగిలిందట, ఆ పగుళ్ళలోంచి వేడినీళ్ళు కారాయట, కారినచోటల్లా తెల్లరాయి గట్టిపడి చారలు కట్టిందట. పచ్చ దొరికేది ఆ తెల్లచారల్లోనే. అంటే కొండకి ఎక్కడ దెబ్బ తగిలిందో వెతికి వెతికి అక్కడే తవ్వాలి మేము. మానిన పుండుని గెలికే బతుకు మాది. దానికి తోడు జీతం లేదు. రాయి పడితే వాటా, పడకపోతే నా పొయ్యి మీది గంజి.

బెలార్మీనా మొగుడు కుస్తోదియో నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ అరగంట తిట్టినా బెల్లంనీళ్ళ లోటా పట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. "నీకు కోపం రాదా అన్నయ్యా?" అని నేనొకసారి అడిగాను.

"రోజంతా సొరంగంలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందమ్మా," అన్నాడు. "ఇంటికొస్తే ఈ గోల వింటుంటే బయటపడ్డానని నమ్మకం కలుగుతుంది."

ఆయన పనిచేసే సొరంగం దోన్ అనతోలియోది. దుంగలు, కార్బైడు దీపాలు, తిండి ఆయన పెడతాడు, దొరికిన రాయిలో సగం ఆయనది. చెడ్డవాడని అనను. తమ్ముణ్ణి ఇంకో సొరంగంలో పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ లోపల చిన్న చప్పుడైనా ఆయనకి చెమటలు పట్టేవి.

ఆ ఏడు వానలు తెగ పట్టాయి. రెండేళ్ళుగా రాయన్నది పడక అందరి మొహాలూ పీక్కుపోయి ఉన్నాయి. అప్పుడు లోపల ఒక తెల్లచార కనబడింది. కనబడిందన్న సంబరం తీరకుండానే అది పక్కకి తిరిగి, పాత సొరంగానికీ కొత్తదానికీ మధ్య వదిలిన గోడలోకి దూరింది. ఆ గోడే పైకప్పుని మోస్తోంది. దుంగలు నిలబెట్టే ఎవాంజెలిస్తా తాత వద్దన్నాడు. గోడ ముట్టుకోకూడదని అక్కడ పసివాడికీ తెలుసు. కానీ చార వెనకాల పోయేటప్పుడు మా మగాళ్ళకి తెలిసినవన్నీ మరుపుకొస్తాయి. రోజుకింత, రోజుకింత గోడ తినేశారు.

"మట్టిబండి పట్టాలు పైకి లేస్తున్నాయే," అని ఒకనాడు అన్నం దగ్గర కుస్తోదియో అన్నాడు. "కప్పులోంచి నీళ్ళు కూడా మొదలయ్యాయి."

"అయితే దిగకు."

"ఇంకొక్క బారెడు. అంతే."

"ఆ బారెడులోనే నిన్ను పాతిపెడతారు," అంది బెలార్మీనా. నిజానికి ఆవిడ రోజూ అనే మాటే అది.

మర్నాడు పొద్దున్నే కొండ కడుపులో ఏదో బరువుగా కూర్చున్న చప్పుడైంది. సొరంగం నోట్లోంచి నల్లదుమ్ము కక్కింది. మగాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. కుస్తోదియో రాలేదు. ఆయన గోడకి అవతల, పాత సొరంగం వైపు ఉన్నాడు.

నేను గరిటె చేత్తో అలాగే పరిగెత్తాను. ఏటి నుంచి బెలార్మీనా వచ్చింది, మోకాళ్ళ దాకా బురద, భుజం మీద పార. దోన్ అనతోలియో సొరంగం నోటికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొండ ఇంకా కదుల్తోందమ్మా. దుంగల మూలుగు ఆగాలి. ఆగాక చూద్దాం," అన్నాడు.

"ఎప్పుడాగుతుంది?"

"వారం పట్టొచ్చు. ఇంకో మనిషిని నేను చంపుకోలేను."

"నిన్ను రమ్మనలేదు. పక్కకి తప్పుకో."

వెనకనించి ఎవడో గొణిగాడు, ఆడది లోపల అడుగుపెడితే పచ్చ అలిగి దాక్కుంటుందని. మాలో అది ఆచారం. ఏ ఆడదీ సొరంగం గడప దాటలేదు. నేను బువ్వ తెచ్చినా నోటి దగ్గరే పెట్టి వచ్చేదాన్ని.

బెలార్మీనా వాడి వంక తిరిగింది. "దాక్కోనీరా. నాకు పచ్చ అక్కర్లేదు. మొగుడు కావాలి."

దోన్ అనతోలియో చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. ఆవిడ పార పిడితో మోచేతి మీద ఒక్కటేసింది. "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి చెప్పలేదు," అని చెయ్యి రుద్దుకుంటూ పక్కకి తొలిగాడాయన. ఆవిడ వెనక నేనూ దూరాను. దూరేటప్పుడు నాకు భయమేసింది, నేనేం అబద్ధం చెప్పను. కానీ ఆవిణ్ణి ఒంటరిగా పంపితే తర్వాత బతికినన్నాళ్ళూ ఏ మొహంతో వదినా అని పిలవను?

లోపల చూస్తే దారి మూసింది బండరాళ్ళు కాదు. తడిసిన పలకరాయి, మధ్యమధ్య పెచ్చులు, అంతా కలిసి నల్ల పిండిముద్దలా దిగబడింది. ఒక పార తీస్తే అర పార మళ్ళీ జారుతుంది. అయినా తీశాం. ఏట్లో ఆవిడతో కలిసి కడిగే ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చి బుట్టలందుకున్నారు. ఎవాంజెలిస్తా తాత దుంగలు తెచ్చాడు కానీ పొద్దున బయటికి పరిగెత్తేటప్పుడు తగిలిన దెబ్బకి నడుం పట్టేసి గోడకానుకుని కూర్చున్నాడు. తవ్వినంత మేరా బెలార్మీనాయే దుంగలు నిలబెట్టి, కప్పుకీ గోడలకీ ఎక్కడా సందు లేకుండా చెక్కముక్కలు కొట్టి బిగించింది. భయం కొద్దీ ఎంత బిగించిందంటే దుంగ మీద కొడితే గంట మోగినట్టు మోగేది.

తెల్లారేసరికి అవన్నీ అగ్గిపుల్లల్లా విరిగి ఉన్నాయి. తవ్వినంతా మళ్ళీ పూడిపోయింది.

ఆవిడ ఆ మట్టిలో చతికిలబడి ఏడ్చింది. నేను ఆవిడ ఏడవగా చూడటం అదే. నాకు కూడా ఇక చేతకాదనిపించింది. ఇంటికి పోదాం పద వదినా అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది.

"అలా బిగిస్తే విరక్క ఏం చేస్తుందే పిల్లా," అన్నాడు తాత. "కొండతో బలానికి పోతావా? ముందు దానికి ఒళ్ళు విరుచుకోటానికి చోటివ్వు. దుంగ వెనక బెత్తెడు వదిలి, అందులో ఎండుకంప కుక్కు. గోడ వచ్చి కంపని నొక్కుతుంది. కంప నలుగుతుంది, దుంగ నిలబడుతుంది. ఉబ్బిన మట్టిని చెక్కేస్తూ ఉండు, మళ్ళీ కంప పెట్టు."

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న నువ్వు ఎవరి మాట విన్నావు?"

బెలార్మీనా కళ్ళు తుడుచుకుంది, మొహమంతా నల్లచారలయ్యాయి. లేచి పార అందుకుంది. ఊళ్ళోని కంచెలన్నీ పీకి కంప మోశాం మేము. మా పక్కింటావిడ కోళ్ళగూడు కూడా పోయింది, దాని గురించి ఇప్పటికీ సాధిస్తుంది. గోడలు ఉబ్బాయి, కంప కరకరా నలిగింది, దుంగలు నిలిచాయి. ఆ చప్పుడు వింటూ పనిచెయ్యటం నేర్చుకున్నాం. చెక్కి, మళ్ళీ కుక్కి, ముందుకి జానెడు.

కానీ రోజులు గడిచేకొద్దీ బయట మగాళ్ళు ఆశ వదిలేశారు. అవతల్నించి చప్పుడు లేదు, పిలుపు లేదు. ఎవరో మేం కొలిచే చికిన్‌కిరా మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఆత్మశాంతికి ప్రార్థన కూడా మొదలెట్టారట. దోన్ అనతోలియో లోపలికొచ్చి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, శవం కోసం బతికున్నవాళ్ళు పోకూడదు. ఇక చాలు."

బెలార్మీనా పార ఆపింది. పక్కగోడ పగుల్లోంచి కారుతున్న నీళ్ళ వంక చూస్తోంది. ఆ పగులు తెల్లచార అంచునే ఉంది, మొదట్నుంచీ కారుతూనే ఉంది, నల్లగా. ఇప్పుడు అందులో పాలలాంటి తెలుపు కలిసింది.

"చార కరుగుతోంది, అంతే," అన్నాడు దోన్ అనతోలియో.

"నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఈ కొండ నీళ్ళు చూస్తున్నా. చార ఎప్పుడూ కరగలేదు." ఆవిడ వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది. చుర్రుమన్నట్టుంది, మొహం చిట్లించింది. "సున్నం. నువ్వూ చూడు వదినా."

నేనూ చూశాను. సున్నమే. కార్బైడు దీపంలో మండిపోయాక మిగిలే తెల్లముద్ద ఉంటుందే, అదే రుచి. మేం చూస్తుండగానే తెలుపు పోయి నీళ్ళు నల్లబడ్డాయి. కాసేపటికి మళ్ళీ తెల్లగా వచ్చాయి. మళ్ళీ నలుపు. అటువైపు నిలిచిన నీళ్ళలో బతికున్న మనిషెవరో దీపం కడిగి కడిగి పోస్తున్నారు. రాయి లోపల ఏ దారిన వచ్చాయో ఏమో, మనిషి గొంతు రాలేని చోటునుంచి ఆ నీళ్ళు వచ్చాయి.

దోన్ అనతోలియో టోపీ తీసి నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి బయటికి పరిగెత్తి మగాళ్ళందర్నీ కేకేశాడు. సొరంగంలో ఆడా మగా కలిసి పనిచేసింది మా లోయలో అదే మొదలు. ఆచారం మాట ఎవరూ ఎత్తలేదు.

పగులు ఎటు పోతే అటే తవ్వాం. నీళ్ళు కారినచోట రాయి ముందే విడిపోయి ఉంది, పలుగు తేలిగ్గా దిగుతోంది, అంత తేలిగ్గా మీద పడేటట్టూ ఉంది. ఒకచోట బెలార్మీనా కాలి దగ్గర మట్టి జారి, దీపం వెలుగులో ఏదో మెరిసింది. పచ్చ. ఒకటి కాదు, తెల్లచారలో గుత్తులుగా ఉంది, వేలెడేసి. రెండేళ్ళ తర్వాత.

మావాళ్ళకి పచ్చ కనబడితే చేతిలో ఏమున్నా కింద పడేసి ముందు రాయి తియ్యాలి. అది మావాళ్ళకి నెత్తుట్లో ఉంది. పలుగులు ఆగిపోయాయి. చార అక్కణ్ణించి నేరుగా కుడిగోడ మొదట్లోకి పోతోంది.

"ఒక్క గంట," అన్నాడు దోన్ అనతోలియో. "ఒక్క గంటలో తీసేద్దాం. తర్వాత అతని దగ్గరికి పోదాం."

"దాన్ని ముట్టుకుంటే గోడ మీదికొస్తుంది. గోడ వస్తే ఆయన పోతాడు."

"అది ఎంత రాయో తెలుసా నీకు?"

"తెలుసు. పుట్టినప్పట్నుంచీ ఏట్లో వెతికింది దాన్నే."

అంటూనే నా భుజం మీది దుంగ లాక్కుంది. దాని మొదలు సరిగ్గా ఆ పచ్చ గుత్తి మీద పెట్టి, పైన సమ్మెటతో కొట్టింది. కింద రాళ్ళు పటపటా చిట్లిన చప్పుడు అందరం విన్నాం. ఎవడో కడుపులో గుద్దినట్టు మూలిగాడు. ఆవిడ మళ్ళీ కొట్టింది, దుంగ సరిగ్గా కూర్చునేదాకా. వెనక కంప కుక్కి, నుదురు తుడుచుకుని, "బుట్ట," అని చెయ్యి చాపింది. దోన్ అనతోలియో దుంగ మొదలు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. బుట్ట తనే అందించాడు.

కంప నలుగుతోంది, పలుగు పడుతోంది. చివరికి బెలార్మీనా పలుగు ముందుకి ఒక్కసారిగా దిగిపోయింది. పిడికిలి పట్టే కన్నం పడింది. అవతల్నించి కుళ్ళిన గాలి కొట్టింది. ఆవిడ పలుగు వెనక్కి లాగి దీపం దగ్గరపెట్టింది.

కన్నంలోంచి చెయ్యొకటి బయటికొచ్చింది. ముంజేతిదాకా నలుపు, వేళ్ళ మధ్య సున్నం పేరుకుని తెలుపు. అరచేతిలో నాలుగైదు పచ్చరాళ్ళున్నాయి.

లోపల్నించి గొంతు వచ్చింది, పూర్తిగా బొంగురుపోయిన గొంతు. "తీసుకోండి అన్నా. ఇంకా ఉన్నాయి ఇక్కడ. చాలా ఉన్నాయి. తవ్వటం ఆపకండి, మీకు దణ్ణం పెడతాను. అన్నీ మీకే ఇచ్చేస్తాను, ఆపకండి."

ఆ మనిషి ఆ చీకట్లో ఆకలితో, వేళ్ళతో చార గీకి రాళ్ళు పోగేసుకుంటూ కూర్చున్నాడు. తనకోసం ఎవరూ రారని, రాయి ఉందంటేనే వస్తారని. దోన్ అనతోలియో మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

బెలార్మీనా ఆ చేతిని పట్టుకుని రాళ్ళని బురదలోకి దులిపేసింది. ఖాళీ అయిన చేతిలో తన చెయ్యి పెట్టింది.

"రాళ్ళెవరడిగారయ్యా నిన్ను?" అంది. "నేను నీకోసం వచ్చాను."

ఆ వేళ్ళు ఆవిడ చేతిని తడిమి చూశాయి.

"బెలార్మీనా? నువ్వు సొరంగంలోకి ఎలా..."

"నడిచొచ్చాను. మాట్లాడకు, ఓపిక దాచుకో."

ఆయన ఏడ్చాడు. మగాళ్ళు ముందుకొచ్చి, నువ్వు తప్పుకోమ్మా, ఇక మేం తవ్వుతాం అన్నారు. తవ్వండి, ఎవరొద్దన్నారు అంది కానీ అక్కణ్ణించి కదల్లేదు. కన్నం వెడల్పై ఆయన తల, భుజాలు బయటికొచ్చేదాకా ఎడంచేత్తో ఆయన చెయ్యి పట్టుకునే ఉంది, కుడిచేత్తో తవ్వుతూనే ఉంది.